ఏడు టేకులు, ఒక హారతి పాట: అతుకు ఎక్కడ పెట్టాలి

అమలాపురంలో మా మేడ మీద గదిలో పన్నెండేళ్ళుగా రికార్డింగ్ చేస్తున్నాను. ఎక్కువగా వచ్చేవి భక్తి పాటలు, చర్చి పాటలు, జాతరలకి వేసుకునే పాటలు. మొన్న ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేక గది ఖాళీగా ఉన్న రోజుల్లో, హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "మా అమ్మ ఒక హారతి పాట పాడతారండి. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నారు. ఇప్పుడది ఇంకెవరికీ పూర్తిగా రాదు. వెనక వాయిద్యాలేవీ వద్దు, అమ్మ గొంతు ఒక్కటే కావాలి" అన్నారు.

ఒక్క గొంతు, పల్లవి, నాలుగు చరణాలు, అయిదున్నర నిమిషాలు. వినడానికి చిన్న పనే. కానీ టేకులు కలపడంలో నాకు బాగా తెలుసనుకున్న కొన్ని విషయాలు ఈ పాట దగ్గర నిలబడలేదు. ఇంట్లోనో చిన్న గదిలోనో తెలుగు పాటలు రికార్డ్ చేసేవాళ్ళకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. ఒకే పాటని నాలుగైదుసార్లు పాడించి, ఒక్కో టేకులో, అంటే ఒక్కోసారి పాడినదాంట్లో, బాగున్న ముక్కలు తీసుకుని ఒకే పాటగా అతకడాన్ని కంపింగ్ అంటాం. టేపు రోజుల్లో ఈ పని బ్లేడుతో జరిగేది. టేపుని నిలువుగా కాకుండా ఏటవాలుగా కోసి అతికించేవారు. అలా కోస్తే ఒక ముక్క తగ్గుతూ ఉండగా రెండోది పెరుగుతూ వస్తుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మనం వేసే క్రాస్‌ఫేడ్ అదే. నేను వాడేది రీపర్. 2023లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి అందులో టేకులన్నీ ఒకదాని కింద ఒకటి లేన్లుగా పరుచుకుంటాయి, నచ్చిన ముక్క మీద మౌస్ లాగితే అది పై లేన్‌లోకి చేరుతుంది. లాజిక్‌లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది, ఏబుల్టన్ లైవ్‌లో 2021లో పదకొండో వెర్షన్‌తో వచ్చింది. ఏది వాడినా ఇక్కడ చెప్పబోయేది మారదు.

పాట పాడే ఆ అమ్మగారిని నేను పిన్నిగారనే పిలిచాను. ఆవిడకి డెబ్భై దాటాయి. ఊరు గోదావరి పాయకి అవతల లంకలో. మొదటి రోజు ఉదయం ఆవిడ భర్త, బాబాయిగారు, బండి మీద తీసుకొచ్చారు. గదిలో గోడలకి కొబ్బరిపీచు చాపలు వేలాడదీశాను, వాటికీ గోడకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉంటుంది. రికార్డింగ్ అప్పుడు ఫ్యానూ ఏసీ రెండూ ఆపేస్తాను. కండెన్సర్ మైకుని ఆవిడ నోటికి జానెడున్నర దూరంలో పెట్టాను. రికార్డింగ్ సెట్టింగు నలభై ఎనిమిది కిలోహెర్ట్జ్, ఇరవై నాలుగు బిట్లు.

ఆవిడకి తాళం పేరు తెలియదు, శృతి లెక్కా తెలియదు. నాలుగేసి లెక్కలో తొడ మీద చేత్తో వేసుకుంటూ పాడతారు. గొంతు విప్పగానే నాలుగు శృతిలో కుదిరింది. హెడ్‌ఫోన్‌లో తంబురా ఇస్తే "చెవిలో తుమ్మెద దూరినట్టుంది బాబూ" అని తీసేశారు. టక్‌టక్‌మని లెక్క వినిపించే క్లిక్ ట్రాక్ సంగతి నేను ఎత్తలేదు. యాభై ఏళ్ళుగా తన చేతి లెక్కతో పాడుతున్న మనిషిని కంప్యూటర్ లెక్కకి కట్టేస్తే పాట మిగలదు.

ఆ రోజు నాలుగు టేకులయ్యాయి. మొదటిది బెరుకుగా సాగింది. రెండోది నిండుగా ఉంది, కానీ మూడో చరణంలో ఒక పాదం మర్చిపోయారు. మూడోది అన్నిటికన్నా బాగుంది. అందులోనూ మూడో చరణంలో పాదాలు ముందువెనకలయ్యాయి. నాలుగో టేకు మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీదికి మారగానే సన్నని రొద మొదలై చివరిదాకా ఉంది. పాడేటప్పుడు నేను గమనించలేదు, తర్వాత వింటే ఆ టేకు పనికిరాలేదు. అప్పటినుంచి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు రికార్డ్ నొక్కడం మానేశాను. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద పెట్టి ముందు ఒక నిమిషం ఖాళీగా వింటాను.

"మా చెల్లికి ఫోన్ చేసి మూడో చరణం సరిగ్గా రాసుకుని ఎల్లుండి వస్తాను" అని వెళ్ళారు పిన్నిగారు. ఆ ఎల్లుండి పదహారు రోజులకి వచ్చింది. ఈలోగా గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికి వాళ్ళ లంకకి వెళ్ళే కాజ్‌వే మునిగిపోయింది. నీళ్ళు తీశాక వచ్చారు, అదీ సాయంత్రం. గొంతు కొంచెం బరువెక్కి ఉంది. బయట చేలల్లో కప్పలు అరుస్తున్నాయి.

ఇక్కడ గాజుల గురించి చెప్పాలి. ఆవిడ చేతికి నిండుగా మట్టిగాజులున్నాయి. తొడ మీద చెయ్యి పడిన ప్రతిసారీ అవి గలగలమంటాయి. మొదటి రోజు టేకుల్లో ఆ చప్పుడు మైకులో బాగా పడింది. విడిగా వింటే ఏ ఇబ్బందీ లేదు. కంపింగ్‌కి కూర్చుంటే ఒక టేకులోని గలగల సగంలో తెగి ఇంకో టేకు మొదలయ్యే చోట అతుకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ముత్తయిదువుని గాజులు తీయమని అడగకూడదు, అడగాలని నాకు అనిపించనూ లేదు. రెండో రోజు "పిన్నిగారండి, గాజులు కాస్త పైకి జరిపి రుమాలు చుట్టుకుంటారా?" అని అడిగాను. "ఆయ్, దానికేముంది" అని చుట్టుకుని అయిదో టేకు పాడారు.

శుభ్రంగా వచ్చింది. ఒక్క చప్పుడు లేదు. కానీ పాట నీరసంగా ఉంది, లెక్క అటూ ఇటూ జారుతోంది. రెండు చరణాలు అయ్యేసరికి నాకు అర్థమైంది. ఆ గాజుల చప్పుడే ఆవిడకి తాళం. అదే వినపడకపోతే ఆవిడ దేన్ని పట్టుకుని పాడాలి? రుమాలు విప్పేయమన్నాను. ఆరు, ఏడు టేకులు గాజులతోనే. ఆరో టేకులో మూడో చరణం ఒక్క తప్పు లేకుండా, ఎంతో ప్రేమగా వచ్చింది.

నేను చేసిన మొదటి కూర్పు మంచిది కాదు. ఎందుకు కాదో చెప్తాను. అయిదో టేకు శుభ్రంగా ఉందని దాన్ని అడుగున పెట్టుకుని, బాగాలేని ప్రతి చోటా వేరే టేకుల నుంచి మాటలు, కొన్నిచోట్ల అక్షరాలు కూడా తెచ్చి అతికాను. అయిదున్నర నిమిషాల పాటలో 37 అతుకులు. ఊపిరి తీసుకునే చప్పుళ్ళు తగ్గించాను. పల్లవి అయిదుసార్లు వస్తుంది కాబట్టి బాగున్న ఒక్క పల్లవిని కాపీ చేసి అయిదు చోట్లా పెట్టాను. రెండు రాత్రులు పట్టింది. తప్పన్నది లేదు.

కూతురుగారు విని మర్నాడు ఫోన్ చేశారు. "అంతా బాగుందండి. కానీ మా అమ్మ పల్లవి ప్రతిసారీ ఒకేలా పాడదు. మొదటిసారి అమ్మవారిని పిలుస్తున్నట్టు పాడుతుంది. చివరికొచ్చేసరికి పళ్ళెం తిప్పుతున్నట్టు కొంచెం తొందర ఉంటుంది. ఇందులో అది లేదు. గాజులు కూడా లేవేంటండి?"

ఆవిడ సంగీతం నేర్చుకోలేదు. అయినా తప్పు సరిగ్గా ఎక్కడుందో పట్టుకున్నారు. వాయిద్యాలున్న పాటలో పల్లవి కాపీ చేస్తే చాలామందికి తెలియదు, వెనక వాయించేది మారుతూ దాన్ని కప్పేస్తుంది. ఒక్క గొంతున్న పాటలో కప్పేది ఏదీ ఉండదు. ఆ పని ఇంక ఎప్పుడూ చేయను.

ఆ సెషన్ పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టాను. ఈసారి ముందు మౌస్ ముట్టుకోలేదు. పాట సాహిత్యాన్ని పాదాల మధ్య ఖాళీ వదిలి కాగితం మీద రాసుకుని, ఏడు టేకుల్నీ మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా విన్నాను. ఏ టేకు తెచ్చి ఎక్కడ పెట్టాలన్నది తర్వాత, ముందు పాట మొత్తాన్ని మోసే టేకు ఏదో తేలాలి. అది మూడోది. కాబట్టి మూడో టేకే పాట. అది నిజంగా పడిపోయిన చోటే ఇంకోటి వస్తుంది. అలా లెక్క వేస్తే మార్చాల్సినవి మూడో చరణం మొత్తం, రెండో చరణంలో ఒక పాదం, నాలుగో చరణంలో మూడు పాదాలు, అంతే.

అతుకు ఎక్కడ పెట్టాలన్నది ఇక అసలు ప్రశ్న. నేర్చుకునే రోజుల్లో నేను చూసిన పాఠాలన్నీ మాటకీ మాటకీ మధ్య కట్ పెట్టమని చెప్పేవి. ఇంగ్లీషు పాటకి అది సరిపోతుందేమో, మాట చివర హల్లు పడి గొంతు ఆగే చోట్లు ఎక్కువ. తెలుగు అజంత భాష. మాట అచ్చుతో ముగుస్తుంది, ఆ అచ్చు సాగుతూ తర్వాతి మాటలోకి నడిచిపోతుంది. పాటలోనైతే మరీనూ. కాగితం మీద మాటల మధ్య ఖాళీ కనిపిస్తుంది, గొంతులో ఆ ఖాళీ ఉండదు. అక్కడ కోస్తే సాగుతున్న అచ్చు మధ్యలో కోసినట్టే.

గొంతు నిజంగా ఆగేది మాట లోపల, పరుషాల దగ్గర. క, చ, ట, త, ప పలికేటప్పుడు నోరు ఒక్క క్షణం పూర్తిగా మూసుకుంటుంది, గొంతు కంపనం కూడా ఆగుతుంది. ఆ క్షణం స్క్రీన్ మీద సన్నని గీతలా కనిపిస్తుంది. ద్విత్వమైతే ఇంకా మేలు. ఈ పాటలో "పట్టుపీట" అన్న మాట ఉంది. అందులో ట్ట దగ్గర ఖాళీని కొలిస్తే దాదాపు 160 మిల్లీసెకన్లు వచ్చింది, పీ ముందు 70. 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ అందులో హాయిగా ఇమిడిపోతుంది. "పట్" ఒక టేకులోది, "టుపీట" ఇంకో టేకులోది అయినా ఎవరూ పట్టుకోలేరు. గ, డ, ద, బ లాంటి సరళాల దగ్గర నోరు మూసుకున్నా గొంతు సన్నగా మోగుతూనే ఉంటుంది, కాబట్టి అక్కడ అంత నమ్మకం లేదు. శ, ష, స ఊదుడు శబ్దాలు. రెండు టేకుల ఊదుడు కలిసినా చెవికి తేడా తెలియదు, 20 మిల్లీసెకన్ల దాకా క్రాస్‌ఫేడ్ వేయొచ్చు. "మంగళం" లాంటి మాటని మాత్రం ముట్టుకోకండి. మ, సున్న, గ, ళ, మళ్ళీ సున్న, మొదటి నుంచి చివరిదాకా గొంతు ఒక్కసారి కూడా ఆగదు. అది మొత్తంగా ఒకే టేకు నుంచి రావాలి. హారతి పాటలో పల్లవిని ముక్కలు చేయకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకు కూడా.

సాగుతున్న అచ్చు మీదే అతకాల్సిన చోటు ఒకటి తగిలింది, రెండో చరణం చివరి "ఆ" మీద. అక్కడ రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడితే శృతిలో ఉన్న చిన్న తేడాకే ధ్వని వణుకుతుంది. నాలుగు శృతి షడ్జం దాదాపు 175 హెర్ట్జ్, అంటే ఒక్కో అల 5.7 మిల్లీసెకన్లు. స్క్రీన్‌ని బాగా పెద్దది చేసి, రెండు టేకుల్లోనూ అల పైకి లేచే చోటు ఒకదాని కింద ఒకటి వచ్చేదాకా జరిపి, రెండు మూడు అలల మేర క్రాస్‌ఫేడ్ వేశాను. ఇక్కడ క్రాస్‌ఫేడ్ రకం కూడా మార్చాలి. అలలు కలిసిన చోట సమాన గెయిన్‌ది (రెండు ముక్కల స్థాయిల మొత్తం ఎప్పుడూ ఒకేలా ఉండేది) వాడాలి, లేకపోతే మధ్యలో శబ్దం ఉబ్బుతుంది. అలలు కలవని చోట, ఊపిరిలోనో స-కారంలోనో, సమాన పవర్‌ది (మధ్యలో రెండిటినీ కొంచెం ఎక్కువ స్థాయిలో ఉంచేది) వాడాలి, లేకపోతే మధ్యలో గుంట పడుతుంది. ఆ ఒక్క అతుకుకే గంటన్నర పట్టింది. తప్పించుకోగలిగితే తప్పించుకోవాల్సిన చోటు ఇది.

గాజుల దగ్గరికి వస్తే, ఇన్నాళ్ళూ అడ్డమనుకున్న చప్పుడే దారి చూపించింది. పెద్ద చప్పుడు ఒకటి పడితే దానికి ముందున్న కొన్ని మిల్లీసెకన్లని కూడా మన చెవి సరిగ్గా అందుకోలేదు. తాళం దెబ్బ పడబోయే ముందు, 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఇవతల కట్ పెడితే అతుకు ఆ దెబ్బ కింద దాగిపోతుంది. అప్పటికి అంతకుముందు దెబ్బ గలగల ఎలాగూ ఆరిపోయి ఉంటుంది. అందుకని కట్ పెట్టిన ప్రతి చోటా రెండు చూసుకున్నాను: పరుషం ఉందా, లేకపోతే దెబ్బ ఉందా. రెండూ ఒక్కచోట పడితే అంతకన్నా మంచి చోటు లేదు. పరుషం ఉన్నా దాని ఖాళీలో పాత గలగల ఇంకా మోగుతుంటే ఆ చోటు వదిలేశాను.

రెండు రోజుల టేకుల్ని కలపడం మరో పని. మూడో టేకులో పల్లవి 22 సెకన్లు, ఆరో టేకులో అదే పల్లవి ఇరవైన్నర. పాదం పాదం మార్చి కలిపితే నడక కుదుపులు పడుతుంది. సాఫ్ట్‌వేర్‌తో సాగదీయొచ్చు, కానీ గాజుల చప్పుడు సాగితే వెంటనే తెలిసిపోతుంది. అందుకని ఆరో టేకు నుంచి మూడో చరణాన్నీ దాని వెనక పల్లవినీ కలిపి ఒకే ముక్కగా తీసుకున్నాను. ఆ పల్లవి అయ్యాక ఆవిడ ఎలాగూ ఆగి ఊపిరి తీసుకుంటారు. నడక మారేది అక్కడే, అది సహజంగానే ఉంది.

తంబురా లేకపోవడంతో శృతి పాకుతూ పోయింది. స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య 100 సెంట్లు ఉంటాయనుకుంటే, మూడో టేకు మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి 30 సెంట్లు పైకి చేరింది, ఆరో టేకు అదే చోట 10 దగ్గర ఉంది. ఆరో టేకు ముక్క మొత్తాన్ని 20 సెంట్లు పైకి జరిపాను. ఒక్కో స్వరాన్నీ విడిగా సరిచేయలేదు. ఆవిడ గమకాలు వాళ్ళమ్మ దగ్గర నుంచి వచ్చినవి, వాటిని గీత మీదికి లాగే హక్కు నాకు లేదు. పాకిన మూడో టేకుని కిందికి దించే ఆలోచన కూడా చేయలేదు. చరణం చరణానికీ శృతి కొంచెం ఎక్కడం ఆవిడ పాడే తీరు.

రెండో రోజు ఆవిడ మైకుకి కొంచెం దగ్గరగా జరిగి కూర్చున్నారు, దాంతో గొంతులో అడుగు బరువు పెరిగింది. 200 హెర్ట్జ్ కన్నా కింది శబ్దాన్ని 2 డెసిబెల్స్ తగ్గిస్తే మొదటి రోజుకి దగ్గరైంది. కుర్చీ కాళ్ళ చుట్టూ నేల మీద సుద్దతో గీస్తే ఈ పని ఉండేది కాదు, ఇప్పుడు గీస్తున్నాను. కప్పల కోసం ఇంకోటి చేశాను. ప్రతి రికార్డింగ్‌కీ, పాడే మనిషి కూర్చుని ఉండగానే, 30 సెకన్ల గది నిశ్శబ్దాన్ని విడిగా తీసుకుంటాను. రెండో రోజు నిశ్శబ్దంలో దూరంగా కప్పలున్నాయి, మొదటి రోజు దాంట్లో లేవు. ఆరో టేకు మొదలవడానికి మూడు సెకన్ల ముందు నుంచే ఆ నిశ్శబ్దాన్ని కిందనుంచి మెల్లగా పెంచుతూ తెచ్చాను, అవతలి వైపు అలాగే దించాను. కప్పలు ఉన్నట్టుండి మొదలవవు, వస్తాయి, వెళ్తాయి. ఊపిరి చప్పుళ్ళన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాను. అతుకు పక్కన ఊపిరి వస్తే, దాన్ని తర్వాతి పాదం ఏ టేకుదో ఆ టేకు నుంచే తీసుకున్నాను. పాదం బరువుని బట్టే మనిషి ఊపిరి పీల్చుకుంటుంది. ఒక టేకు ఊపిరి, ఇంకో టేకు పాదం కలిస్తే ఎక్కడో తేడా కొడుతుంది.

చివరికి తొమ్మిది అతుకులయ్యాయి. ఒక్క సాయంత్రం పని.

కూతురుగారికి పంపితే "ఇది అమ్మే" అన్నారు. పిన్నిగారికి నేనే తీసుకెళ్ళి వినిపించాను. వాళ్ళ వసారాలో స్పీకర్ పెట్టి కూర్చున్నాం. వరద బురద ఇంకా గోడలకి మోకాలెత్తున ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని, పాటతోపాటు తొడ మీద చెయ్యి వేస్తూ విన్నారు. నాలుగో చరణంలో, మూడో టేకు నుంచి రెండో టేకుకి మారే చోట, చెయ్యి ఆగింది. కళ్ళు తెరిచి "ఇక్కడ నేను దెబ్బ వెయ్యలేదా బాబూ?" అన్నారు.

ఇంటికొచ్చి ఆ చోటు తెరిచి చూశాను. క్రాస్‌ఫేడ్ 30 మిల్లీసెకన్లు ఉండిపోయింది. దెబ్బ సరిగ్గా అందులో పడి సగం కరిగిపోయింది. కట్‌ని 40 మిల్లీసెకన్లు ఎడమవైపుకి జరిపి, క్రాస్‌ఫేడ్‌ని 8కి తగ్గించి, దెబ్బ మొత్తం రెండో టేకులోనే పడేలా పెట్టాను. గాజులు మోగాయి. మర్నాడు ఆ ఫైలూ, కోయని ఏడు టేకులూ ఒకే పెన్‌డ్రైవ్‌లో వేసి బాబాయిగారి చేతికిచ్చాను.